కాశీ ప్రయాణానికి 15 కిలోల పెట్టె

ప్రశ్న: మాది చెన్నైలో పెరంబూరు. నాకు 61, మావారికి 67. డిసెంబరు చివరి వారంలో విమానంలో కాశీ వెళ్తున్నాం. మొత్తం ఎనిమిది రోజులు. మధ్యలో రెండు రాత్రులు కారులో ప్రయాగ, అయోధ్య చూసుకుని మళ్లీ కాశీకి వచ్చి, అక్కణ్ణుంచే తిరుగు విమానం ఎక్కుతాం. మావారు పిండప్రదానం చేస్తారు. మనిషికి 15 కిలోల పెట్టె, చేతి సంచిలో 7 కిలోలు అని టికెట్టులో ఉంది. రెండేళ్ల కిందట షిరిడీ వెళ్లినప్పుడు బరువు ఎక్కువైందని కౌంటరు ముందు పెట్టె నేలమీద విప్పి సర్దుకోవాల్సి వచ్చింది. కొబ్బరినూనె కారి పట్టుచీర ఒకటి పాడైంది కూడా. ఈసారి చలి బట్టలు అదనం. మా అమ్మాయి వాక్యూమ్ కవర్లు కొనిస్తానంటోంది. వాటితో పని జరుగుతుందా? అసలు ఎలా సర్దుకోవాలి?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు:

అమ్మా, ముందు వాక్యూమ్ కవర్ల సంగతి. కొనిపించకండి. ఆ కవరు లోపలి గాలి లాగేసి స్వెట్టరును అప్పడంలా చేస్తుంది, నిజమే. బరువు మాత్రం గ్రాము కూడా తగ్గదు. చోటు మిగిలింది కదా అని ఇంకో నాలుగు బట్టలు పెడతారు, కౌంటరు దగ్గర మళ్లీ షిరిడీ కథే అవుతుంది. మీకు పెట్టెలో చోటు చాలక ఇబ్బంది రాలేదు, బరువు దగ్గర వచ్చింది. విమాన ప్రయాణంలో పెట్టె నిండకముందే కాటా నిండుతుంది. అందుకని మడతల కంటే ముందు లెక్క చూద్దాం.

24 అంగుళాల చక్రాల పెట్టె ఖాళీగానే మూడున్నర నుంచి నాలుగు కిలోలు తూగుతుంది. గట్టి డిప్ప పెట్టె అయితే నాలుగు అనే అనుకోండి. 15లో నాలుగు పోతే 11. కాశీ నుంచి వట్టి చేతులతో ఎవరూ రారు కాబట్టి తిరుగు ప్రయాణానికి మూడు కిలోలు ఇప్పుడే పక్కన పెట్టండి. మిగిలేది మనిషికి ఎనిమిది కిలోలు. అంటే ఇంటి దగ్గర తూచినప్పుడు పెట్టె 12 కిలోలు దాటకూడదు. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుని సర్దడం మొదలుపెట్టండి.

తూచడానికి చేతికి తగిలించుకునే హుక్ కాటా మంచిది. లేదంటే మనుషులు ఎక్కి తూచుకునే కాటా చాలు. ముందు మీరొక్కరే ఎక్కండి, తర్వాత మీవారినో అమ్మాయినో పెట్టె చేతికి అందించమనండి, తేడా చూసుకోండి. ఇంటి కాటాలు అర కిలో అటూ ఇటూ చూపిస్తాయి. మీ వీధి నాడార్ కొట్లో కొన్న 5 కిలోల బియ్యం సంచి ఒకటి దాని మీద పెట్టి చూస్తే ఎంత తేడా చెబుతోందో తెలిసిపోతుంది.

ఇప్పుడు బట్టలు. ఏది ఎంత తూగుతుందో తెలిస్తే ఏది మానాలో మీకే తెలుస్తుంది. జార్జెట్ లాంటి పల్చటి చీర 350 నుంచి 400 గ్రాములు. నేత నూలు చీర 500 దాటుతుంది. కంచి పట్టుచీర జరీని బట్టి 700 గ్రాముల నుంచి కిలో దాకా ఉంటుంది. జాకెట్టు 100, లంగా 200. మీవారి చొక్కా 230, ప్యాంటు 450 గ్రాములు. అన్నిటికంటే మోసం చేసేది టర్కీ తువాలు. ఒక్కటే 500 గ్రాములు, తడిస్తే ఎండదు. దాని బదులు పల్చటి ఈరోడ్ తుండుగుడ్డలు తీసుకోండి. ఒకటి 150 గ్రాములే ఉంటుంది.

చెన్నైలో మనకున్న ఒక అలవాటు కాశీలో పనిచేయదు. ఇక్కడ పొద్దున ఉతికిన నూలు బట్ట సాయంత్రానికి ఎండిపోతుంది కాబట్టి తక్కువ బట్టలు తీసుకుని, వెళ్లిన చోట ఉతుక్కుందాం అనుకుంటాం. డిసెంబరు చివర్లో కాశీలో తెల్లవారుజామున 8, 10 డిగ్రీలుంటుంది. మంచు కమ్మేసి కొన్ని రోజులు మధ్యాహ్నం దాకా ఎండ ముఖమే కనబడదు. గదిలో ఆరేసిన నూలు లంగా మర్నాటికి కూడా తడిగానే ఉంటుంది. అందుకని ఉతుక్కోవాల్సినవి పాలిస్టర్ కలిసినవిగా చూసుకోండి. లోదుస్తులు మాత్రం ఉతుకుతాం అనుకోకుండా ఏడు జతలు పెట్టుకోండి. వాటి బరువు ఎంతని!

మీకు కట్టుకున్నది కాక పల్చటి చీరలు మూడు, పట్టుచీర ఒకటి, గంగ స్నానానికి పాత సింథటిక్ చీర ఒకటి, జాకెట్లు నాలుగు, లంగాలు మూడు, నైటీలు రెండు, థర్మల్స్ రెండు జతలు, మేజోళ్లు నాలుగు జతలు, తుండుగుడ్డలు రెండు. లోదుస్తులతో కలిపితే ఐదున్నర కిలోలకు అటూ ఇటూ వస్తుంది. మీవారికి ప్యాంట్లు రెండు, చొక్కాలు నాలుగు, లుంగీలు రెండు, పంచె–ఉత్తరీయం రెండు జతలు, థర్మల్స్ రెండు జతలు, మిగతా చిన్నవి కలిపి ఐదు కిలోల పైచిలుకు. ఇద్దరికీ చెరో రెండున్నర కిలోలు మిగిలింది. సబ్బులు, నూనె, పొడులు, చెప్పులు అన్నీ అందులోనే సర్దుకోవాలి.

చలికి లావు స్వెట్టర్లు మూడు నాలుగు తీసుకెళ్లడం కంటే థర్మల్స్ మీద ఒక్క స్వెట్టరు వెచ్చగా ఉంటుంది. పొరకీ పొరకీ మధ్య నిలిచే గాలే చలిని ఆపుతుంది. జాకెట్టు కింద పొడుగు చేతుల థర్మల్, లంగా కింద థర్మల్ ప్యాంటు వేసుకుంటే చీర కట్టు చెడదు, పడవలో కూర్చున్నప్పుడు కాళ్లకు గాలి తగలదు. థర్మల్స్‌ను ఒక సైజు పెద్దవి కొనకండి. ఒంటిని అంటుకుని ఉంటేనే పని చేస్తాయి. స్వెట్టరు, బూట్లు పెట్టెలో పెట్టకూడదు. బూట్లు కాళ్లకు, స్వెట్టరు చేతి మీద. మీనంబాకం విమానాశ్రయంలో కాస్త ఉక్కగా ఉంటుంది, ఓర్చుకోండి. ఆ రెండూ కలిసి కిలోన్నర. మంకీ క్యాపు, శాలువా చేతి సంచిలో ఉండాలి.

బూట్లంటే గుర్తొచ్చింది. నాలుగేళ్లుగా బీరువా అడుగున ఉన్న స్పోర్ట్స్ షూ తీసి వేసుకోబోతున్నారా? చెన్నై గాలిలోని తేమకు ఆ మెత్తటి పీయూ (ప్లాస్టిక్ నురుగు) అడుగు లోపల్లోపలే చివికిపోతుంది. పైకి కొత్తగా కనిపిస్తుంది, మొదటి రోజు ఘాట్ మెట్ల మీదే అట్ట ఊడినట్టు ఊడిపోతుంది. ఇప్పుడే వేసుకుని మూడు రోజులు వీధిలో నడిచి చూడండి. పెట్టె చక్రాలకూ ఇదే జబ్బు. అటక మీంచి దించగానే చక్రం మీద గోరుతో గట్టిగా గీకండి. పొడి రాలినా, జిగటగా అంటుకున్నా ఆ చక్రం ఈ ప్రయాణానికి ఆగదు. చక్రాలు మార్చే బ్యాగు రిపేరు వాళ్లు ఉంటారు, పెట్టె పారేయనక్కర్లేదు. వానాకాలంలో మూసి ఉన్న పెట్టె బూజు వాసన కొడుతుంది. వెనిగరు కలిపిన నీళ్లతో లోపల గుడ్డ తుడిచి, రెండు రోజులు తెరిచి ఎండలోనో ఫ్యాను కిందో పెట్టండి. లేకపోతే ఆ వాసన పట్టుచీరకు ఎక్కుతుంది.

ఇక సర్దడం. మంచం మీద పెట్టె పరిచి తెరిస్తే, లోపల లాగే పిడి తాలూకు రెండు కడ్డీలు గట్టుల్లా ఉబ్బి కనిపిస్తాయి. వాటికి అటూ ఇటూ, మధ్యలో మూడు పొడుగాటి గాళ్లుంటాయి. చాలామంది వాటి మీదే బట్టలు పరిచేస్తారు. ఆ చోటు వృథా అవుతుంది, పైన పెట్టిన బట్ట గట్టుల మీద నలిగి ముడతలు పడుతుంది. మేజోళ్లు, లోదుస్తులు, థర్మల్స్ చుట్టలు చుట్టి ముందు ఆ గాళ్లలో కూరండి. గట్టులతో సమంగా వచ్చేదాకా నింపితే అడుగు నున్నగా పరుపులా అవుతుంది. ఇద్దరి చిన్న బట్టలూ దాదాపు అక్కడే సర్దుకుపోతాయి.

తర్వాత బరువైనవి. పెట్టెను నిలబెట్టినప్పుడు ఏ వైపు కిందకి ఉంటుందో, అంటే చక్రాల వైపు, అక్కడ చెప్పులు, నూనె డబ్బా, సబ్బులు, పొడులు పెట్టండి. పై వైపు పెడితే పెట్టె నిలబెట్టిన మొదటి క్షణంలోనే అవి జారి కిందున్న బట్టలన్నిటినీ నొక్కేస్తాయి. పెట్టె కూడా వెనక్కి పడుతుంటుంది. మీ పెట్టె మధ్యకి రెండు డిప్పలుగా తెరుచుకునే రకమైతే రెండు డిప్పలూ నిండుగా ఉండాలి. సగం ఖాళీగా వదిలిన డిప్పలో బట్టలు విమానం దిగేసరికి ఒక మూలకు పోగుపడతాయి.

చుట్టాలా, మడవాలా అంటే రెండూ. నైటీలు, లుంగీలు, సింథటిక్ చీరలు, టీషర్టులు చుట్టండి. చుట్టలో బట్ట గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి పదునైన గీత పడదు, చుట్టల మధ్య సందుల్లో చిన్నవి పడతాయి. ఇస్త్రీ చొక్కాలు, ప్యాంట్లు చుట్టకండి, వాటిని చదునుగా మడవండి. చొక్కా మెడపట్టీలు ఒకదాని మీద ఒకటి కాకుండా ఒకటి ఎడమకి, ఒకటి కుడికి వచ్చేలా పేరిస్తే ఎత్తు సమంగా ఉంటుంది.

పట్టుచీర విషయంలో కాస్త ఓపిక కావాలి. మంచం మీద ఉతికిన పాత నూలు పంచె పరవండి. చీరను పూర్తిగా విప్పి, పాత మడత గీతలు ఈసారి మధ్యలోకి వచ్చేలా వేరే చోట మడవండి. జరీ లోహపు తీగ కదా, ఒకే గీత మీద మళ్లీ మళ్లీ మడిస్తే తీగ తెగుతుంది. చీర చినిగేది ఎప్పుడూ అక్కడే. కొంగు లోపలికి పెట్టి, చివరి మడత వేసేముందు ఒక తుండుగుడ్డను చుట్టగా చేసి ఆ వంపులో పెట్టండి. అప్పుడు మడత గీతలా కాకుండా గుండ్రంగా తిరుగుతుంది. ఆ చీర జాకెట్టు, లంగా చదునుగా లోపలే పెట్టి పంచెలో చుట్టేయండి. ప్లాస్టిక్ కవరులో పెట్టవద్దు, చెమ్మ లోపల నిలిచి జరీ నల్లబడుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. ఈ మూట అన్నిటికంటే పైన, నూనె డబ్బా ఉన్న పెట్టెలో కాకుండా రెండో పెట్టెలో ఉండాలి.

నూనె ఎందుకు కారిందో చెప్తాం. విమానం పైకెళ్లేకొద్దీ లోపల గాలి ఒత్తిడి తగ్గుతుంది, సీసాలో ఉన్న గాలి వ్యాకోచిస్తుంది. సీసా సగం ఖాళీగా ఉంటే అందులో గాలే ఎక్కువ, అది నూనెను మూత సందుల్లోంచి బయటికి తోస్తుంది. మెత్తటి సీసా అయితే మూత బిగించేముందు కాస్త నొక్కి గాలి పోనివ్వండి. మూతికి పల్చటి ప్లాస్టిక్ ముక్క కప్పి పైన మూత తిప్పి, జిప్ కవరులో పెట్టండి. అయితే ఈసారి కొబ్బరినూనెకు సీసానే వద్దు. 24 డిగ్రీల కిందకి వెళ్తే అది గడ్డకడుతుంది, కాశీలో సీసాలోంచి చుక్క రాదు. వెడల్పు మూతి ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో 100 గ్రాములు తీసుకోండి, వేలితో తీసుకోవచ్చు. ఆ డబ్బానూ జిప్ కవరులోనే పెట్టండి, చెన్నైలో అది ఇంకా నూనెగానే ఉంటుంది.

కారప్పొడి, ఊరగాయ లాంటివి 200 గ్రాముల చొప్పున, రెండు కవర్లు వేసి పెట్టెలోనే పెట్టండి. చేతి సంచిలో ఊరగాయను తనిఖీ దగ్గర ఆపేస్తారు. స్టీలు డబ్బాలు వద్దు, ఒక్కో డబ్బా లోపలి సరుకుతో సమానంగా తూగుతుంది. పూజ సామాన్లలో కర్పూరం, అగ్గిపెట్టె రెండిట్లోనూ నిషేధం. ఎండుకొబ్బరి కూడా అంతే, నూనె వల్ల వేడెక్కి అంటుకునే గుణం ఉందని పెట్టెలోకీ రానివ్వరు. ఇవన్నీ కాశీలో అడుగడుగునా దొరుకుతాయి. పిండప్రదానానికి నువ్వులు, దర్భలు మోసుకెళ్లే ముందు చేయించే పురోహితుణ్ణి ఫోనులో అడగండి. చాలావరకు వాళ్లే సిద్ధం చేస్తారు. గోత్రనామాలు, పితృదేవతల పేర్లు వరసగా రాసిన కాగితం మాత్రం మీరే తీసుకెళ్లాలి. అది చేతి సంచిలో పెట్టండి.

ఆ చేతి సంచిలో ఇంకా ఏముండాలంటే, పొగమంచును దృష్టిలో పెట్టుకోండి. ఆ రోజుల్లో విమానాలు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి, ఒక్కోసారి వేరే ఊళ్లో దించేస్తారు. కాబట్టి ఇద్దరికీ ఒక రాత్రికి సరిపడా బట్టలు, శాలువాలు, ఆధార్ కార్డులు, నగలు, కళ్లద్దాలు, చార్జర్లు అక్కడే. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, పెట్టెలో పెడితే విమానం ఎక్కనివ్వరు. మందులు ఎనిమిది రోజులకి కాక పదకొండు రోజులకి పెట్టుకోండి. మాత్రలు కత్తిరించి డబ్బాల్లో పోయకుండా పేరు కనిపించే అట్టలతోనే, డాక్టరు చీటీతో సహా ఉంచండి. ఇన్సులిన్ వాడుతుంటే అది పొరపాటున కూడా పెట్టెలోకి వెళ్లకూడదు, గడ్డకడితే ఇక పనికిరాదు.

నీ పెట్టె, నా పెట్టె అని విడదీయకండి. ఇద్దరి బట్టలూ రెండు పెట్టెల్లోనూ సగం సగం పెట్టండి. ఒక పెట్టె రావడం ఆలస్యమైనా ఇద్దరికీ కట్టుకోవడానికి ఉంటుంది. రెండు పెట్టెలకూ రంగు రిబ్బను కట్టి, తెరిచి ఒకటి, మూసి ఒకటి ఫొటోలు తీసుకోండి.

పెద్ద పెట్టె ఒక్కటి తీసుకుంటే చాలదా అనిపిస్తుంది. వద్దు. బాబత్‌పూర్ విమానాశ్రయం నుంచి పాతిక కిలోమీటర్లు కారు వస్తుంది కానీ, పాండే హవేలీ ఆంధ్రాశ్రమం వైపో, కేదార్ ఘాట్ వైపో బస అయితే చివర్లో సందుల్లో నడవాలి. రాతి పలకలు, మెట్లు, మధ్యలో ఆవులు. అక్కడ చక్రాలు ఉరుకవు, చేత్తో ఎత్తాలి. 67 ఏళ్ల మనిషి 12 కిలోలు ఎత్తగలరేమో, 24 ఎత్తలేరు.

గంగ స్నానం బట్టలకు విడిగా ఒక గుడ్డ సంచి పెట్టండి. సింథటిక్ చీర, లంగా, మీవారి పంచె, తుండుగుడ్డలు రెండు, అన్నీ పట్టే మందపాటి ప్లాస్టిక్ కవరు ఒకటి, చిన్న తాడు, పది క్లిప్పులు. స్నానం అయ్యాక తడి చీర గట్టిగా పిండి, ఎండు తుండుగుడ్డ మీద పరిచి చాపలా చుట్టి కాలితో తొక్కండి. సగం నీళ్లు తుండుగుడ్డ లాగేస్తుంది. తర్వాత గదిలో తాడు కట్టి ఫ్యాను కింద ఆరేయండి. చలి అని ఫ్యాను ఆపేస్తే మర్నాటికీ ఎండదు.

ప్రయాగ, అయోధ్య రెండు రాత్రులకూ రెండు పెట్టెలూ మోయకండి. ఒకదాన్ని కాశీలో బస చేసిన చోటే తాళం వేసి వదిలి, రసీదు తీసుకోండి. రెండో పెట్టె, చేతి సంచుల్లో ఒకటి, స్నానం సంచి చాలు. కాశీలోనూ అయోధ్యలోనూ గుళ్లోకి ఫోన్లు రానివ్వరు. కాబట్టి మెడలో వేసుకునే చిన్న గుడ్డ పర్సు ఉంటే డబ్బులు, ఆధార్, గది తాళంచెవి అందులో ఉంటాయి, లాకరులో ఎక్కువ వస్తువులు వదలనక్కర్లేదు.

గంగ నీళ్లు మనవాళ్లు ప్రయాగ నుంచే తెచ్చుకుంటారు. లీటరు నీళ్లు కిలో, రాగి చెంబు దానికి అదనం. మాటు వేసి మూసిన చెంబు తీసుకోండి, మూత తిప్పేది కారుతుంది. దాన్ని మాసిన బట్టల మధ్య, చక్రాల వైపు పెట్టండి. ఖాళీ రాగి పాత్రలు కొంటే వాటి కడుపులో మేజోళ్లు కూరండి, చోటూ కలిసొస్తుంది, సొట్టలూ పడవు. బనారస్ చీర కొంటే దుకాణం వాళ్లిచ్చిన అట్టపెట్టె అక్కడే వదిలేసి, మీ పట్టుచీర మూటలోనే చుట్టేయండి. అదనపు సంచి ఒకటి పెంచుదాం అనుకోవద్దు. చాలా విమానాల్లో మనిషికి ఒకే పెట్టె లెక్క.

తిరుగు విమానం రోజు గంగలో మునగవద్దు. ఆఖరి స్నానం ముందురోజు పొద్దునే కానిచ్చేస్తే బట్టలు ఆరడానికి ఒక రోజు దొరుకుతుంది. పిండిన నూలు బట్ట ఎండు బరువుకు ఇంచుమించు రెట్టింపు తూగుతుంది, మీరు దాచుకున్న మూడు కిలోల్లో కొంత ఆ తడికే పోతుంది. అప్పటికీ ఆరనివి ఉంటే పాత న్యూస్‌పేపర్లలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి పెట్టె పైన ఉంచండి, ఇల్లు చేరగానే ముందు అవే తీయండి. హుక్ కాటా మాత్రం ఇంట్లో వదలకుండా చేతి సంచి పక్క జేబులో వేసుకోండి. కాశీలో గది ఖాళీ చేసే ముందు రెండు పెట్టెలూ మళ్లీ తూచుకోవాలి.